మడమ పరీక్షా, డెక్సా స్కానా: ఎముకల విషయంలో దేన్ని నమ్మాలి?

మడమను చిన్న మెషీన్‌లో పెట్టిన కాసేపటికే ఒక అంకె చెబుతారు. దాని ముందు మైనస్ కనిపిస్తే చాలు, టెన్షన్ మొదలు. ఆ అంకె చూసి మందులు మొదలుపెట్టొద్దు. అలాగే అంకె బాగుంది కదా అని నిశ్చింతగా ఉండిపోవద్దు. ధ్వని తరంగాలతో చేసే ఈ పరీక్షలో రేడియేషన్ లేదు. డెక్సా, అంటే ఎక్స్-రేలతో ఎముకల సాంద్రత కొలిచే స్కాన్, ఎవరికి అవసరమో వడకట్టడానికి పనికొస్తుంది, అంతవరకే. మన ఎముకల సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి చెప్పే అంకె టీ-స్కోరు. ఎముకలు గుల్లబారాయని చెప్పే -2.5 టీ-స్కోరు హద్దు ఈ మడమ అల్ట్రాసౌండ్‌కు వర్తించదు. మందు పనిచేస్తోందో లేదో కూడా దీంతో తేలదు.

నా ఓటు డెక్సాకే. విరిగితే మనిషిని మంచాన పడేసే తుంటినీ, నడుము దగ్గరి వెన్నుపూసలనూ ఇది నేరుగా కొలుస్తుంది. రేడియేషన్ చాలా తక్కువ.

అయితే డెక్సా కూడా పొరబడుతుంది. వయసు మీద పడ్డవారి వెన్నులో అరుగుదల వల్ల పెరిగిన ఎముక ముళ్లు, కుంగిన పూసలు, రక్తనాళంలో పేరుకున్న కాల్షియం, ఇవన్నీ కలిసి సాంద్రతను ఎక్కువ చేసి చూపిస్తాయి. అలాంటివారికి వెన్ను స్కోరు బాగుండి తుంటి స్కోరు తగ్గితే, నేను తుంటినే నమ్ముతాను.

ఇంకో చిక్కు పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు వస్తుంది. బల్ల దిగి మళ్లీ పడుకుంటేనే అంకె కాస్త మారుతుంది. దాదాపు 5 శాతం దాటితే తప్ప నిజమైన మార్పని చెప్పలేం. 2 శాతం తగ్గిందని కంగారుపడి మందు మార్చమని అడగడం తొందరపాటే. మెషీన్ మారితే రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూడటమే తప్పు. అందుకే రెండోసారీ అదే చోటికి వెళ్లండి.

సీటీతో కొలిచే పద్ధతిని ఎముక ముళ్లు అంతగా మోసం చేయలేవు. కానీ రేడియేషన్ ఎక్కువ, అందరికీ అక్కర్లేదు.

బలం పెంచుకోవడానికి నడక మేలా, బరువులు మేలా? నడక గుండెకు మంచిది. ఎముకకు మాత్రం అంతకన్నా పెద్ద భారం కావాలి. 2018లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, నెలసరి ఆగిపోయి ఎముకల సాంద్రత తగ్గిన మహిళలు శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున బరువులెత్తారు. 8 నెలల్లో వారి వెన్ను సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసినవారికి 1.2 శాతం తగ్గింది. గమనించండి, ఆ 2.9 శాతం కూడా ఒక్కరి రిపోర్టులో పొరపాటు హద్దు లోపలే ఉంటుంది. రిపోర్టులో పెద్ద తేడా కనిపించలేదని వ్యాయామం ఆపేయకండి.

ఇప్పటికే పూస కుంగినవారు మాత్రం డాక్టర్‌ను, ఫిజియోథెరపిస్టును అడగకుండా బరువులు ముట్టుకోవద్దు. వారికి కాల్షియం, వ్యాయామం సరిపోవు, సాధారణంగా మందు కూడా కావాలి.