కత్తిపీట వీడియో లేపేసిన యాప్, దాని అప్పీల్ సర్వీస్‌కి 2 స్టార్లు

యాప్ పేరు రాయట్లేదు, ఇంకో స్ట్రైక్ పడితే నా పొట్ట మీద కొట్టినట్టే. బెంగళూరు మారతహళ్లిలో ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్ముతా, ఆర్డర్లన్నీ అందులో నా పేజీ నుంచే. మేలో కత్తిపీట మీద కాయ కొడుతున్న వీడియో పెట్టి కింద "ఈసారి ఘాటు చంపేస్తది, కాస్కోండి" అని రాశా, పది నిమిషాల్లో లేపేశారు. హింస, బెదిరింపు అంట! టెంకతో సహా ముక్క టక్కున తెగే సౌండ్ కోసమే జనం చూస్తారు, మెషీన్‌కి అక్కడ ఎవడి మెడ కనపడిందో మరి.

అప్పీల్ నొక్కితే రెండు నిమిషాల్లో రిజెక్ట్, అదీ ఇంగ్లిష్‌లో. తెలుగొచ్చిన మనిషి ఎవరూ చూళ్లేదని అక్కడే తెలిసిపోయింది. మా మరిది "వదినా, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ కొట్టు" అన్నాడు, అంటే కంప్లైంట్లు చూడ్డానికి యాప్ వాళ్లు పెట్టిన మనిషి. 2021 ఐటీ రూల్స్‌లో 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని అప్పట్లో ఉండేదంట (2026 ఫిబ్రవరిలో ఆ 15 రోజుల్ని 7కి తగ్గించారు). 13వ రోజు వీడియో తిరిగొచ్చింది, సారీ గీరీ ఏం లేదు, అప్పటికి బజార్లో పచ్చడికాయ పోయి పండ్లొచ్చేశాయి. అక్కడా తేలకపోతే 30 రోజుల్లోపు కేంద్రం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లోనే వెళ్లొచ్చు, ఇది చాలామందికి తెలీదు.

ఇంత తిట్టి 2 స్టార్లెందుకంటే మా మరిదికి జరిగింది చూశాక. వాడు ఇంకో యాప్‌లో ఏదో వెటకారంగా రాస్తే "లీగల్ డిమాండ్ వల్ల ఇండియాలో కనపడదు" అని బోర్డు పెట్టేశారు, ఎవరడిగారో ఏ లైను గుచ్చుకుందో ఏమీ లేదు. నాకు కనీసం "హింస" అనే పిచ్చి కారణమైనా చెప్పారు, వాడికి అదీ లేదు. ఐటీ చట్టంలో 69ఏ సెక్షన్ కింద గవర్నమెంట్ బ్లాక్ చేయిస్తే ఆ కంప్లైంట్లూ చర్యలూ గుట్టుగా ఉంచాలని 2009 రూల్స్‌లో 16వ రూలే ఉంది, 2015లో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ రాతలకి జైల్లో వేసే 66ఏని కొట్టేసింది గానీ 69ఏని మాత్రం నిలబెట్టింది. ఇప్పుడు ఫలానాది తీసెయ్యండని గవర్నమెంట్ వాళ్లు యాప్‌లకి నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్ ఒకటి, దాని మీద ఎక్స్ కంపెనీ మన కబ్బన్ పార్క్ పక్కనున్న హైకోర్టుకెళ్తే 2025 సెప్టెంబర్ 24న కొట్టేశారు. 2023లో ఐతే, ట్విట్టర్ అని పిలిచే రోజుల్లోనే, బ్లాకింగ్ ఆర్డర్ల మీద వేసిన కేసులో ఎదురు 50 లక్షలు కట్టమన్నారు. ఇక మా మరిది అక్కడిదాకా వెళ్తే ఆటో డబ్బులు దండగ.

నేను మాత్రం ఇప్పుడు "ఘాటు బావుంటుందండీ" అని బుద్ధిగా రాస్తున్నా, వ్యూస్ సగం కూడా రావట్లేదు.