జివ్వుమనే పన్నా, రూట్ కెనాల్ దాకా వచ్చిన పన్నా?

మలై కాజా కొరకగానే పన్ను జివ్వుమంది, ఇక రూట్ కెనాలే (పన్ను లోపలి పాడైన నరం తీసేసి మూసే వైద్యం) అని టెన్షన్ పడక్కర్లేదు. చల్లనిదో తియ్యనిదో తగిలినప్పుడు జివ్వుమని, అది నోట్లోంచి పోగానే రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే చాలాసార్లు ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) అరుగుదలో, చిగురు తగ్గి వేరు బయటపడటమో, చిన్న పుచ్చో అయ్యుంటుంది. పేస్టు మార్చడంతోనో సిమెంటు పెట్టించుకోవడంతోనో సరిపోవచ్చు.

రెండోది, రూట్ కెనాల్ దాకా వచ్చిన పన్ను, వేరే రకం. నాకు కావలిలో వేడి వేడి చేపల పులుసు తింటుంటే మొదలైంది, ముద్ద మింగేసినా అరగంట పోటు, రాత్రి పడుకుంటే చెవి దాకా లాగుడు, లేచి కూర్చుంటే కాస్త నయం. చన్నీళ్లు పుక్కిట పట్టుకుని తెల్లారబెట్టా. వేడికి సలుపు, ఏమీ తగలకుండానే నొప్పి, ఇవి లోపలి నరం బాగా దెబ్బతిన్న గుర్తులు. నాలుగో రోజు నొప్పి మాయమైతే సంబరపడి ఒంగోలు పెళ్లికి వెళ్లిపోయా. తగ్గడం కాదు, నరం చచ్చిపోయింది. నెలకి చిగురు మీద చీము పొక్కు తేలింది.

ఏ పన్నో, ఎంతవరకు పోయిందో ఎక్స్‌రే తీసి, తట్టి చూసి డాక్టరే చెప్పాలి. బుగ్గ వాచి జ్వరమొచ్చినా, మింగడం కష్టమైనా మాత్రం ఆ రోజే వెళ్లండి.