సోవియట్ కీ వాచీల వేటలో మాస్కో, పీటర్స్‌బర్గ్: ఎక్కడ కొనాలి, ఎక్కడ చూసి రావాలి

పాత రష్యన్ కీ వాచీల కోసం రష్యా దాకా వెళ్లాలా అంటే, ధర కోసమైతే అక్కర్లేదు. విమానం టికెట్ డబ్బుతో ఇంట్లో కూర్చునే మంచి వాచీలు చాలానే తెప్పించుకోవచ్చు. కానీ వాచీ వెనక మూత తీయించి, లోపలి మిషన్‌ని కళ్లారా చూసి, అదే మోడల్ ఇంకో నాలుగు పక్కన పెట్టి పోల్చుకోవాలంటే మాత్రం వెళ్లాల్సిందే. సెప్టెంబరులో నేను వెళ్లింది అందుకే.

మన దేశంలో ఆన్‌లైన్‌లో దొరికే పొబేదా, రకేతా వాచీల్లో ఎన్నో డయల్‌కి మళ్లీ రంగులేసినవే. సేకరించేవాళ్లు వీటిని ‘ముంబై స్పెషల్’ అంటారు. లోపల మిషన్ అసలుదే ఉండొచ్చు. పైన మాత్రం నిగనిగలాడే కొత్త రంగు, ఎర్ర నక్షత్రం, అంచులు చెదిరిన అక్షరాలు. ఫోటోలో అవి అసలు వాటికంటే అందంగా కనబడతాయి, చిక్కంతా అక్కడే వస్తుంది. ఒక్కసారి అసలు డయల్‌ని భూతద్దం కింద చూసిన కంటికి ఇక ఆ ఫోటోలు ఆనవు.

ముందు డబ్బు సంగతి. 2022 మార్చి నుంచి బయటి దేశాల్లో ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డులు రష్యాలో పనిచేయవు. మన బ్యాంకు కార్డు అక్కడ వట్టి ప్లాస్టిక్ ముక్క. హోటల్, భోజనం, వాచీలు అన్నిటికీ లెక్కేసుకుని నగదు తీసుకెళ్లి, అక్కడ బ్యాంకులో రూబుళ్లుగా మార్చుకోవాలి. రూబుల్, రూపాయి దాదాపు సమానంగానే ఉంటున్నాయి కాబట్టి లెక్కలతో తల పట్టుకునే పని లేదు. ఈ-వీసా మనవాళ్లకు ఇస్తున్నారు, అందులో టెన్షన్ ఏమీ లేదు.

మాస్కోలో బసకి నా ఓటు ఇజ్మాయిలవోకే. 1980 ఒలింపిక్స్ కోసం కట్టిన పెద్ద పెద్ద హోటల్ టవర్లు అక్కడ ఉన్నాయి. గదులు పాతకాలంవే, చిన్నవి, కానీ శుభ్రంగా ఉన్నాయి. పార్తిజాన్‌స్కయా మెట్రో స్టేషన్ గుమ్మంలో ఉన్నట్టే. ‘వెర్నిసాజ్’ అనే సంత కూడా నడిచి వెళ్లేంత దూరమే, శని ఆదివారాలు వెళ్తే నిండుగా ఉంటుంది. పొద్దున్నే సంతకెళ్లి, కొన్నవి గదిలో పెట్టుకుని, మళ్లీ మధ్యాహ్నం వెళ్లొచ్చు. వాచీల మనిషికి ఇంతకంటే సుఖమైన బస మాస్కోలో దొరకదు. రెడ్ స్క్వేర్ పక్కనే ఉండాలనుకునే కుటుంబాలకు మాత్రం ఇది దూరమనిపిస్తుంది.

సంత సంగతికొస్తే, లోపలికి వెళ్లగానే ఎదురయ్యే దుకాణాలన్నీ పర్యాటకుల కోసం. బొమ్మలు, బొచ్చు టోపీలు, వాటి పక్కనే కేజీబీ గుర్తున్న వాచీలు. కేజీబీ పేరు, ట్యాంకు, జలాంతర్గామి బొమ్మలున్న డయళ్లలో చాలావరకు 1990లలో, ఆ తర్వాత విదేశీయుల కోసం వేసినవి. లోపల వొస్తోక్ అనే సోవియట్ బ్రాండ్ నిజమైన మిషనే ఉండొచ్చు, చక్కగా నడవొచ్చు, కానీ సైన్యంతో వాటికి సంబంధం లేదు. వాటిని దాటుకుని పాత సామాను అమ్మేవాళ్ల వైపు వెళ్లాలి. అక్కడ సరుకు మంచిదే, ధరే గట్టిది. అమ్మేవాళ్లకు ప్రతి వాచీ విలువా తెలుసు. బేరం ఓ పదిశాతం దాకా కుదురుతుంది. ఏది ఎలా ఉంటుందో చూసి నేర్చుకోవడానికి ఇజ్మాయిలవో బాగుంటుంది, కొనడానికి రెండో స్థానమే.

ఒక జాగ్రత్త. వాచీల పక్కనే సోవియట్ పతకాలు, ఆర్డర్లు పెట్టి అమ్ముతుంటారు. ప్రభుత్వ పురస్కారాలను కొనడం, అమ్మడం రష్యాలో క్రిమినల్ నేరం. చిన్న బ్యాడ్జీలు వేరు, పతకాలు వేరు. తేడా తెలియకపోతే ఆ బల్ల వైపు పోవద్దు.

మాస్కోలో పాత ఫ్యాక్టరీల చోట్లు చూద్దామని ఆశపడేవాళ్లకు ముందే చెప్తున్నా. స్లావా వాచీలు తయారుచేసిన రెండో మాస్కో వాచీ ఫ్యాక్టరీ బెలరూస్కయా మెట్రో దగ్గర ఉండేది. దాన్ని కూల్చేశారు, ఇప్పుడక్కడ అదే పేరుతో కొత్త భవనాలు లేచాయి. చూడ్డానికి ఏమీ లేదు. మొదటి మాస్కో ఫ్యాక్టరీ కథ మాత్రం తెలుసుకోవాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్యాంటన్ పట్నంలో డ్యూబర్-హ్యాంప్‌డెన్ అనే వాచీ కంపెనీ దివాలా తీస్తే, సోవియట్ ప్రభుత్వం దాని యంత్రాలన్నీ కొని మాస్కోకి తరలించింది. వాటితోపాటు అక్కడి పనివాళ్లు ఇరవైమందికి పైగా వచ్చి ఇక్కడివాళ్లకు పని నేర్పారు. 1930లో ఉత్పత్తి మొదలైంది. ఆ ఫ్యాక్టరీలో తయారైన ‘ష్తుర్మాన్‌స్కీ’ వాచీనే గగారిన్ 1961 ఏప్రిల్ 12న చేతికి కట్టుకుని అంతరిక్షంలోకి వెళ్లాడు.

పీటర్స్‌బర్గ్‌కి సాప్సాన్ రైల్లో నాలుగు గంటలు. రైలు సమయానికి బయల్దేరింది, సమయానికే చేరింది, సీట్లు విశాలంగా ఉన్నాయి. టికెట్ స్టేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి నగదుకే కొన్నాను. కౌంటర్ ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు రష్యన్ రాదు. తేదీ, రైలు నంబరు కాగితం మీద రాసి చూపిస్తే రెండు నిమిషాల్లో పనైపోయింది.

బస దగ్గరే పీటర్స్‌బర్గ్‌లో నాకు చిరాకెత్తింది. ఊరి నడిబొడ్డున పాత భవనంలో ఓ అంతస్తుని చిన్న చిన్న గదులుగా చేసిన మినీ హోటల్ తీసుకున్నాను. గది బాగుంది, కిటికీలోంచి కాలువ కనబడుతుంది. కానీ విదేశీయుల రిజిస్ట్రేషన్ కాగితం అడిగితే రేపు, మాపు అంటూ తిప్పారు. అది హోటల్ చేయాల్సిన పని. గదిలో దిగిన రోజే అడిగి తీసుకోండి, పెద్ద హోటల్ అయితే అడక్కముందే ఇస్తారు. ఊళ్లో పనులు చేసిపెట్టడానికి అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న గుంటూరు కుర్రాడొకడు తోడొచ్చాడు. అతని రష్యన్ లేకపోతే నాకు సగం పనులు జరిగేవి కావు. తిండికి ‘స్తలోవయా’ అనే క్యాంటీన్లు బెస్ట్. పళ్లెం పట్టుకుని కావలసింది చూపిస్తే పెడతారు, చవక. శాకాహారులకు జార్జియన్ హోటళ్లలో లోబియో అనే రాజ్మా కూర దొరుకుతుంది, మన నాలుకకి కాస్త దగ్గరగా ఉంటుంది.

ఈ యాత్ర మొత్తంలో నేను గట్టిగా చెప్పే చోటు ఉదేల్నయా. మెట్రో నీలం లైన్లో అదే పేరున్న స్టేషన్‌లో దిగి, రైలు పట్టాలు దాటి అవతలికి నడవాలి. శని, ఆదివారాలే వెళ్లాలి. ముందు కొత్త బట్టల దుకాణాలు వస్తాయి, వాటిని దాటాక నేల మీద గుడ్డలు పరిచి ఇంట్లో పాత సామానంతా పెట్టుకుని కూర్చున్న జనం కనబడతారు. పింగాణీ కప్పులు, గ్రామఫోన్ రికార్డులు, కెమెరాలు, వాటి మధ్య ఓ బిస్కెట్ డబ్బా నిండా వాచీలు. వానొస్తే ప్లాస్టిక్ కవర్లు కప్పుతారు తప్ప లేవరు.

ఇక్కడ నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: మూత తీయనివాడి దగ్గర కొనకూడదు. వాచీ చేత్తో పట్టుకుని ‘మోజ్న?’ (రష్యన్‌లో ‘చేయొచ్చా?’) అని, వెనక మూత వైపు చూపిస్తే చాలు. వెంటనే జేబులోంచి చిన్న కత్తి తీసి మూత ఎత్తిన ముసలాయన దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాను. పక్కనున్న యువకుడు ససేమిరా అన్నాడు. మా గుంటూరు అబ్బాయి కూడా, "తీయనంటున్నాడంటే వదిలేద్దాం అన్నా" అన్నాడు.

ముసలాయన ఇచ్చినది పొబేదా. క్రోమ్ పూత వెలిసిన ఇత్తడి కేసు, ఆరు అంకె చోట సెకన్ల చిన్న డయల్. మూత లేపగానే మిషన్ మీద 3-54 అని చెక్కి ఉంది. అంటే 1954 మూడో త్రైమాసికంలో తయారైంది. ఆ కాలపు మిషన్ల మీద ఇలా త్రైమాసికం, సంవత్సరం వేసేవాళ్లు. పక్కనే ఫ్యాక్టరీ గుర్తు. డయల్ మీద గుర్తు, మిషన్ మీద గుర్తు రెండూ ఒకే ఫ్యాక్టరీవి కావడం చూసి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే పొబేదాని ఒక్క ఫ్యాక్టరీ కాదు, మాస్కో, పెత్రోద్వరేత్స్, చిస్తోపోల్, పెంజా, కూయిబిషెవ్ ఇలా చాలాచోట్ల చేశారు. ఫ్రెంచి లిప్ కంపెనీ మిషన్ ఆధారంగా వచ్చిన ఒకే డిజైన్ కాబట్టి ఒక ఫ్యాక్టరీ మిషన్ ఇంకో ఫ్యాక్టరీ కేసులో చక్కగా కూర్చుంటుంది. రిపేరు చేసేవాళ్లు డెబ్భై ఏళ్లుగా అదే చేశారు. అలా కలిసిపోయిన వాచీ మోసం అని కాదు, అది టైమ్ చూపిస్తుంది. సేకరణలో పెట్టుకోవడానికి మాత్రం విలువ తక్కువ.

డయల్ సంగతి. భూతద్దం కింద అసలు అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, నిమిషాల గీతలు సమాన దూరంలో ఉంటాయి. మళ్లీ వేసిన డయల్‌లో గీతలు చిన్న డయల్ అంచు దగ్గర తడబడతాయి. కింద రష్యన్‌లో సీసీసీపీ అని కనబడే నాలుగు అక్షరాలు లేకుండా ఇంగ్లిష్‌లో ‘మేడ్ ఇన్ యూఎస్‌ఎస్‌ఆర్’ అని ఉంటే నకిలీ అనుకోవద్దు, ఎగుమతికి అలాగే వేసేవాళ్లు. బ్రిటన్‌కి వెళ్లినవాటికి సెకోండా అని పేరే మార్చారు. కాస్త మచ్చపడిన అసలు డయల్, మెరిసే కొత్త డయల్ రెండూ ఒకే ధరకి ఇస్తే మచ్చపడినదే తీసుకోండి. ఒక్క హెచ్చరిక: 1950ల వాచీల్లో చీకట్లో వెలిగే పచ్చరంగు పూతలో రేడియం ఉండొచ్చు. ఆ పూత పొడిపొడిగా రాలుతుంటే ముట్టుకోకండి, ఇంట్లో అసలు తెరవకండి.

నంబర్ల లెక్క పట్టుబడితే సంతలో ధైర్యం వస్తుంది. 1960ల నుంచి మిషన్ మీద నాలుగంకెల సంఖ్య వేశారు. మొదటి రెండంకెలు మిషన్ వ్యాసం మిల్లీమీటర్లలో, తర్వాతి రెండు అది చేసే పని. 09 అంటే మధ్యలో సెకన్ల ముల్లు, దెబ్బ తగిలినా తట్టుకునే ఏర్పాటు. 14 అంటే తేదీ. 16 అంటే ఆటోమేటిక్, తేదీతో. 28 అంటే వారం, తేదీ రెండూ. కాబట్టి వారం, తేదీ చూపించే స్లావా కీ వాచీలో 2428 ఉండాలి (ఆటోమేటిక్ అయితే 2427), ఇంకేదైనా ఉంటే మిషన్ మార్చేసి ఉండొచ్చు. స్టాప్‌వాచ్ కూడా ఉన్న పల్యోత్ బ్రాండ్ చేతి వాచీల్లో ఎక్కువగా 3133 ఉంటుంది. స్విస్ కంపెనీ వల్జూ వాళ్ల 7734 మిషన్ తయారీ యంత్రాలు కొని దాన్ని చేశారు. 3133 మీద ఉదేల్నయాలో తొందరపడొద్దు. ధర ఎక్కువ, డయల్ మార్చినవి ఎక్కువ. రెండు బటన్లూ పలుమార్లు నొక్కి, ముల్లు ప్రతిసారీ సరిగ్గా పన్నెండు మీదికే వస్తోందో లేదో చూశాకే ధర అడగండి.

వొస్తోక్ అంఫీబియా గురించి ఓ మాట. 1967లో వచ్చిన ఈ వాచీ 200 మీటర్ల లోతుకి తట్టుకుంటుంది. వెనక మూత బల్లపరుపు పళ్లెంలా ఉండి, దాన్ని విడిగా ఓ రింగు బిగిస్తుంది. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడే మూతని రబ్బరు మీదికి ఇంకా గట్టిగా నొక్కుతుంది. కీ మర విప్పగానే వదులుగా అటూ ఇటూ ఊగుతుంది. చాలామంది అది చూసి పాడైందనుకుని వదిలేస్తారు. అది దాని తీరే, నిక్షేపంగా తీసుకోండి.

ఒకరోజు పీటర్‌హోఫ్‌కి కేటాయించండి. అందరూ ఫౌంటెన్ల కోసం వెళ్తారు, రకేతా ఫ్యాక్టరీ అదే ఊళ్లో ఉంది. బాల్తీస్కీ స్టేషన్ నుంచి లోకల్ రైలు. 1721లో పీటర్ చక్రవర్తి రాళ్లు చెక్కడానికి పెట్టించిన కార్ఖానా ఇది, యుద్ధం తర్వాత వాచీల్లోకి వచ్చింది, 1961లో రకేతా పేరు పెట్టుకుంది. ముందుగా బుక్ చేసుకుంటే తిప్పి చూపిస్తారు. సన్నటి వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగ్‌ని కూడా సొంతంగా చేసుకునే ఫ్యాక్టరీలు ప్రపంచంలో కొన్నే, వాటిలో ఇదొకటి. సోవియట్ కాలపు యంత్రాల మీద ఇప్పటికీ పని జరుగుతోంది. తెల్లకోటు వేసుకున్న ఓ ఆవిడ పట్టకారుతో బ్యాలెన్స్ చక్రం దించి, అది ఊగడం మొదలెట్టాక ఊపిరి వదలడం దగ్గరుండి చూశాను. టికెట్ డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది. అక్కడి కొత్త వాచీల ధరలు వేరే లోకం, మనం వెళ్లేది చూడ్డానికి.

ఇంటికొచ్చాక సర్వీసింగ్ గురించి బెంగ వద్దు. హెచ్‌ఎంటీ కీ వాచీలు బాగుచేసే పెద్దవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. రకేతా 2609 వాళ్లకి కొత్త పని కాదు, శుభ్రం చేసి నూనె వేస్తే మళ్లీ దశాబ్దం నడుస్తుంది. కానీ విడిభాగాలు ఇక్కడ దొరకవు. అందుకని ఉదేల్నయాలోనే నడవని వాచీ ఒకటి, అదే మిషన్ ఉన్నది, అదనంగా కొనుక్కోండి. చాలా తక్కువకి ఇస్తారు.

రోజులు తక్కువైతే మాస్కోని కుదించండి, పీటర్స్‌బర్గ్‌ని కాదు. శనివారం ఉదేల్నయాలో చూసి ధరలు రాసుకుని, ఆదివారం పొద్దున్నే వెళ్లి కొనండి. జార్జియా వెళ్లేవాళ్లుంటే టిబిలీసీలో డ్రై బ్రిడ్జి సంతలోనూ సోవియట్ వాచీలు బాగానే దొరుకుతాయి, అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలూ ఉన్నారు. మూత తీయించే నియమం అక్కడా పాటించండి.