ప్రకాశం దారా, అనంతశయనం దారా: పార్లమెంటుకు వెళ్లాలనుకునే లాయరుకు ఏది మేలు?

లా చదివి ఎప్పటికైనా పార్లమెంటుకు వెళ్లాలనుకునే వాళ్లకు మనం ముందు చెప్పే పేరు టంగుటూరి ప్రకాశం. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పేరు చాలామందికి గుర్తే రాదు. నా మటుకు ఆ పేరే ముందు చెప్పాలి.

పంతులుగారి త్యాగానికి సాటి లేదు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. రాజమండ్రిలో ప్లీడరుగా స్థిరపడి, ఇంగ్లండులో బారిస్టరు చదివొచ్చి, మద్రాసు హైకోర్టులో బాగా సంపాదించారు. 1921లో ఆ ప్రాక్టీసు వదిలేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. ఆస్తి దానికే కరిగిపోయింది. 1926లో కేంద్ర శాసనసభకు (బ్రిటిష్ కాలంలో ఢిల్లీలో ఉన్న సభ) ఎన్నికయ్యారు, 1930లో పదవి వదిలి ఉద్యమంలోకి వెళ్లారు. కానీ 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకులకు ఎదురుగా చొక్కా విప్పి నిలబడ్డ ప్రకాశమే మనకు తెలుసు. ఆయన బలం జనం మధ్య ఉంది, సభలో కాదు.

అయ్యంగార్ కథ వేరు. తిరుచానూరులో పుట్టి, కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా చేసి, 1915లో చిత్తూరులో వకాల్తా మొదలుపెట్టారు. పాత తీర్పులన్నీ నోటికి వచ్చేవని పేరు. ఆయనా జైలుకు వెళ్లారు, క్విట్ ఇండియా రోజుల్లోనూ. 1934లో కేంద్ర శాసనసభకు వెళ్లాక, రాజ్యాంగ సభ మీదుగా 1962 దాకా ఢిల్లీ సభల్లోనే ఉన్నారు. 1950లో ఏర్పడ్డ అంచనాల కమిటీకి తొలి అధ్యక్షుడు ఆయనే. మంత్రులకు అందులో చోటు లేదు. ఏ శాఖ ఎంత అడుగుతోంది, ఎక్కడ ఆదా చేయొచ్చు అని ఎంపీలే కాగితాలు ముందేసుకుని అధికారులను అడుగుతారు. అచ్చంగా క్రాస్ ఎగ్జామినేషనే! ఫోటోలు పడవు, చప్పట్లు ఉండవు, కానీ ప్రజల డబ్బు కాపాడేది ఈ పనే.

1956లో తొలి స్పీకర్ మావలంకర్ చనిపోయాక అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్ అయ్యారు. 1957 చివర్లో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎల్ఐసీ పెట్టిన డబ్బు గురించి ఫిరోజ్ గాంధీ సభలో నిలదీసినప్పుడు స్పీకర్ ఆయనే. అధికార పార్టీ సభ్యుడే సొంత ప్రభుత్వాన్ని అడిగాడు, చర్చ జరిగింది, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

దేశమే చేతిలో లేని రోజుల్లో ప్రకాశం దారే సరైనది. సభ మనదయ్యాక లాయరు నేర్చిన విద్య, అంటే ఓపిగ్గా చదవడం, సూటిగా అడగడం, అక్కడే ఖర్చు కావాలి. ఇప్పుడు ప్రాక్టీసు వదలాలన్న టెన్షన్ కూడా లేదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు లాయర్లుగా వాదించకూడదన్న నిషేధం ఏదీ లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సమావేశాల రోజుల్లో కేసులు పక్కన పెట్టి కమిటీ కాగితాలు చదివే లాయరుకే నేను ఓటేస్తాను.