జార్జిటౌన్‌లో ఒక బొత్తాల దుకాణం

చెన్నై జార్జిటౌన్‌లో, గోడౌన్ వీధికి దగ్గరలోని ఒక సందులో దర్జీ సామాను అమ్మే ఇరుకైన దుకాణానికి గత నెలలో మా నాన్నగారి పాత కోటు పట్టుకొని వెళ్ళాను. దాని మూడు బొత్తాల్లో ఒకటి ఊడిపోయి ఏడాది దాటింది. టి.నగర్‌లో అడిగిన చోటల్లా మూడూ మార్చేయమన్నారే తప్ప జత కుదిర్చి ఇచ్చినవారు లేరు.

దుకాణదారు కోటును పక్కన పెట్టి, మిగిలిన వాటిలో ఒక బొత్తాన్ని కొలిచి "ముప్పై రెండు లైను" అన్నారు. లైను అంటే బొత్తాం వెడల్పుకు కొలత, ఈ వ్యాపారంలో అంగుళానికి 40 లైన్లు. చొక్కాకు సాధారణంగా 18, కోటు ముందు భాగానికి 32, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు. తరువాత ఒక్కొక్క అట్టపెట్టె దించి, గోధుమరంగు చారలు సైతం దాదాపు కలిసే బొత్తాన్ని ఓపికగా వెతికి తీశారు.

నేను "బొత్తాం" అంటే ఆయన తమిళంలో "పొత్తాన్" అన్నారు, దుబాసీ అవసరమే రాలేదు. రెండూ పోర్చుగీసు మాట నుంచి వచ్చినవే. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలోనే ఇక్కడి శాంథోమ్‌లో కాపురం పెట్టారు కాబట్టి ఇందులో వింత లేదు. ఇంగ్లీషు "బటన్" మాత్రం పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. పోర్చుగీసు, ఫ్రెంచి రెండింటిలోనూ ఈ మాటకు మొగ్గ అనే అర్థం కూడా ఉంది. దాని ఫ్రెంచి మూలానికి "తోయు" అని అర్థం: కొమ్మను తోసుకొని వచ్చేది మొగ్గ, బట్ట మీద మొగ్గలా నిలిచేది బొత్తాం. లిఫ్టు బటన్‌ను మాత్రం మనమే లోపలికి తోస్తున్నాం. పూర్తిగా విచ్చుకోని పుట్టగొడుగును ఇంగ్లీషులో బటన్ అనడం కూడా ఈ పోలిక వల్లనే. ఇక కాజా అంటే నాకు తాపేశ్వరమే గుర్తుకు వచ్చేది గాని, దర్జీలు చెప్పే కాజా, అంటే బొత్తాం దూరే రంధ్రం, పోర్చుగీసు "కాజ", అంటే ఇల్లు.

లోపాలూ ఉన్నాయి. ఇక్కడ విడిగా ఒక్కటి అమ్మరు, డజను కొనవలసిందే. టోకు బేరమైతే గ్రోసు, అంటే 144. రసీదు ఇవ్వలేదు. ఇంటికి వచ్చి చూస్తే రెండు బొత్తాల రంధ్రాల అంచులు గరుకుగా ఉండి దారాన్ని కోసేస్తున్నాయి. వెళ్ళేవారు ఒక సూది, దారం వెంట తీసుకువెళ్ళి అక్కడే దూర్చి చూసుకోవడం మంచిది. కోటుకు కుట్టిన బొత్తాం గట్టిగానే ఉంది. పనికివచ్చే తొమ్మిదీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.