తూలి పడకుండా ఉండాలంటే నడకా, తాయ్ చీనా?

పెద్దవాళ్లు రోజూ నడుస్తూనే ఉన్నారు కదా, మళ్లీ తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) దేనికి అని చాలామంది అడుగుతున్నారు. నడక గుండెకు, షుగరుకు మంచిదే, ఎవరూ కాదనరు. కానీ పడిపోకుండా ఆపుతుందా? వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష 108 పరిశోధనల్ని జల్లెడపట్టి కూడా నడక గురించి ఏమీ తేల్చలేకపోయింది. తాయ్ చీ చేసినవాళ్లలో మాత్రం పడిపోవడాలు సుమారు 19 శాతం తగ్గాయి.

నా దృష్టిలో అసలు విషయం బరువు మార్చుకోవడం. కెనడాలో రెండు వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లు పడిపోయిన వీడియోలను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలికి ఏదో తట్టుకుని పడినవి 21 శాతమే. ఒంటి బరువును సరిగ్గా మార్చుకోలేక పడినవి 41 శాతం!

తాయ్ చీలో ఒక్క అడుగు గమనించండి. ముందు బరువంతా ఒక కాలి మీదకు వస్తుంది, ఆ మోకాలు కాస్త వంగి ఉంటుంది. రెండో కాలు మెల్లగా ముందుకెళ్లి మడమ ఆనిస్తుంది, ఇంకా బరువు పెట్టదు. కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాతే పాదం పూర్తిగా ఆని, బరువు కొద్దికొద్దిగా దాని మీదకు జరుగుతుంది. మామూలు నడకలో ఊపు మనల్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఊపు లేదు కాబట్టి తొడలు, చీలమండలే పని చేయాలి.

అమెరికాలో 70 దాటిన 670 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. బ్యాలెన్స్ కోసం మలిచిన తాయ్ చీని ఆరు నెలలపాటు వారానికి రెండు గంటలు చేసినవాళ్లు, స్ట్రెచింగ్ చేసినవాళ్లకంటే 58 శాతం తక్కువసార్లు పడ్డారు. రకరకాల వ్యాయామాలు కలిపి చేసినవాళ్లతో పోల్చినా 31 శాతం తక్కువే.

అలాగని అందరికీ ముందు తాయ్ చీయే అనను. కాక్రేన్ లెక్కల్లో బ్యాలెన్స్ వ్యాయామాలకు కండబలం పెంచేవి కూడా జోడిస్తే తగ్గుదల 34 శాతం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేనివాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గర కాళ్ల బలంతోనే మొదలుపెట్టాలి. యోగాలో నిలబడి వేసే ఆసనాలు పనికొస్తాయి, కానీ అక్కడ ఎక్కువగా కదలకుండా నిలవడమే సాధన. డాన్స్ ఇష్టమైతే అదీ మంచిదే.

లేవగానే కళ్లు తిరిగేవాళ్లు ఏది మొదలుపెట్టే ముందైనా డాక్టరుకు చూపించుకుని, వాడే మందుల గురించి అడగండి. మోకాళ్ల నొప్పులుంటే తక్కువగా వంగితే చాలు. మొదట్లో పక్కనే గోడో, బరువైన కుర్చీయో ఉండాలి. వీడియో చూస్తూ ఒంటరిగా మాత్రం వద్దు, తల తెరవైపు తిప్పినప్పుడు తూలిపోవచ్చు.