నోట్స్ ఇవ్వని ట్యూషన్‌కి నాలుగు స్టార్లు

ఒడిశాలోని బరంపురంలో బడా బజార్ వెనక సందులో ప్లస్ త్రీ (అంటే డిగ్రీ) సైన్స్ పిల్లలకి ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పే సార్ గురించి ఈ రివ్యూ. ఆయనకి బోర్డు లేదు, పేరు బయట పెట్టడం ఇష్టం లేదు, కాబట్టి నేనూ పెట్టట్లేదు. సందులోకి వెళ్లి 'కాగితాల సార్' అని అడిగితే చాలు, చూపిస్తారు. చదివేది మా తమ్ముడు, ఫీజు కట్టేది నేను.

ముందే చెప్తున్నా, ఇక్కడ నోట్స్ ఇవ్వరు. గెస్ పేపర్ మాట ఎత్తితే ఊరుకోరు. టెస్టు రాయగానే ఎన్ని మార్కులొస్తాయో పిల్లలనే వేసుకోమంటారు. దిద్దిన పేపర్‌తో పాటు ఒక కాగితం ఇస్తారు. ఎలా చదివావు, పుస్తకం మూసి ఎంతసేపు రాసి చూసుకున్నావు, ఏ మార్కు ఎందుకు పోయింది, వచ్చేసారి ఏం మారుస్తావు, ఇవన్నీ అందులో నింపాలి. దీన్ని ఎగ్జామ్ రాపర్ అంటారట. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన మార్షా లవెట్ దీని గురించి రాశారు.

మావాడు మొదటి టెస్టుకి 20కి 16 వేసుకున్నాడు, వచ్చినవి 9. కారణాల గడిలో పైనుంచి కిందిదాకా 'సిల్లీ మిస్టేక్' అనే రాశాడు. సార్ అవన్నీ కొట్టేసి మళ్లీ రాయమని పంపారు. ముక్కుతూ మూలుగుతూ కూర్చుని తీస్తే నాలుగు మార్కులు ఒక్క చోటే పోయాయని తేలింది. వాయువు వ్యాకోచిస్తే పని విలువ ప్లస్సా, మైనస్సా? వాడి ఫిజిక్స్ పుస్తకం వాయువు చేసిన పనిని లెక్కేస్తుంది, అందుకని ప్లస్. కెమిస్ట్రీ పుస్తకం వాయువు మీద జరిగిన పనిని లెక్కేస్తుంది, అందుకని మైనస్. "రెండూ కరెక్టే అక్కా, ఎవరి పనో చూడాలంతే" అన్నాడు. అంతకుముందు మేం డబ్బు పోసిన ట్యూషన్‌లో రెండు సూత్రాలూ రంగు పెన్నుతో రాయించారు గానీ ఈ సంగతి వాడి చెవిన పడలేదు.

పైకి చదవడం కూడా తగ్గింది, ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గురించి సార్ చెప్పారట. ఒక పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకి 75. వారం పోయాక చూస్తే చదివినవాళ్లకి 42, రాసినవాళ్లకి 56. పరీక్ష ముందు రాత్రి అంతా వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

కాగితం ఏ భాషలోనైనా నింపొచ్చు. మావాడు తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాస్తాడు, వాడికి వచ్చిన లిపి అదే మరి. సార్ చకచకా పైకి చదివేస్తారు, తెలుగు మాటలు అర్థం కాక పక్కనున్న తెలుగు పిల్లాణ్ని అడుగుతారు. దాంతో మావాడి తప్పులు బ్యాచ్ మొత్తానికి తెలిసిపోతాయి, అది వేరే సంగతి.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఇప్పుడు బ్యాచ్ బాగా పెరిగిపోయింది. దిద్దిన పేపర్ చేతికొచ్చేసరికి తర్వాతి చాప్టర్ సగం అయిపోతోంది. తప్పు వేడిమీద ఉన్నప్పుడు ఇస్తేనే కదా ఆ కాగితానికి విలువ. సిలబస్ కూడా నెమ్మదిగా సాగుతుంది, చివరి రెండు యూనిట్లు వాడు సొంతంగానే చదువుకున్నాడు. బ్యాక్ పేపర్ (తప్పిన పేపర్) ఉండి నెలలో గట్టెక్కాలనుకునేవాళ్లు ఇక్కడికి రావద్దు. ఫస్టియర్ మొదట్లోనే చేర్పించగలిగితే చేర్పించండి. ఫీజు నెల మొదట్లోనే తీసుకుంటారు, మధ్యలో మానేస్తే వెనక్కి ఇవ్వరు. చేరేముందు ఒకరోజు వెళ్లి ఊరికే కూర్చుంటామంటే మాత్రం కాదనరు.